ఫొటోలకి ఎడ్లబండి అద్దెకి తెస్తున్నాం, ఇది మన సంక్రాంతేనా?

కాలవగట్టు:

అందరికీ నమస్కారం. మాది రామచంద్రపురం వైపు చిన్న ఊరు. నేను పదకొండేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను, ఊళ్ళో ఉండేది అమ్మ ఒక్కతే. మా ఊరి వాట్సాప్ గ్రూపు ఒకటుంది, అందులో ఊళ్ళో ఉండేవాళ్ళకంటే బయట ఉండేవాళ్ళే ఎక్కువ. ఈసారి సంక్రాంతి "పాత రోజుల్లోలా" చేద్దామని గ్రూపులో ఎవరో అన్నారు, అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, చందాలు మొదలయ్యాయి. మూడు లక్షల పైన పోగైంది. అందులో సగం అమెరికాలో ఉన్న ముగ్గురిదే.

రాజమండ్రిలో ఈవెంట్లు చేసే కుర్రాడొకడు కొటేషన్ పంపాడు. స్కూలు గ్రౌండులో తాటాకు గుడిసె సెట్టు, దాని ముందు ఎడ్లబండి (ఎడ్లతో సహా రెండు రోజులకి 14 వేలు), ఒక గంగిరెద్దు, ఒక హరిదాసు మూడు గంటలు, చూరుకి కట్టే వరికంకుల కుచ్చులు పది, సాయంత్రం డీజే.

ఇదంతా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మన బండి చక్రాలు మీ నాన్న ఎవరికమ్మాడో తెలుసా?" అంది. తెలీదన్నాను. హైవే మీద దాబా వాడికిట, గోడకి అలంకారంగా పెట్టుకోడానికి. 2009లో. మిగతా చెక్కంతా పొయ్యిలోకి పోయిందిట. "ఉన్నదాన్ని అమ్ముకుని ఇప్పుడు అద్దెకి తెచ్చుకుని ఫొటోలు దిగుతారన్నమాట" అని నవ్వి, పాలవాడొచ్చాడని పెట్టేసింది.

అప్పట్నుంచి నాకు ఒకటే పీకుడు. ఇలా సెట్టు వేసి పండగ చెయ్యడం తప్పా, లేక అసలేమీ చెయ్యకపోవడం కంటే నయమా? మా అమ్మాయికి ఏడేళ్ళు, ఎద్దుని బొమ్మల పుస్తకంలోనే చూసింది, దానికోసమైనా చెయ్యాలని ఒకపక్క, ఇదంతా నాటకమని ఇంకోపక్క. మీ ఊళ్ళలో ఏం చేస్తున్నారో చెప్పండి. దయచేసి "కాలం మారింది బ్రో" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోకండి.

భీమవరం బుల్లోడు:

కాలం మారింది బ్రో.

(సరదాకి అన్నాను, కొట్టకండి. బండికి 14 వేలు మాత్రం ఎక్కువ. మావైపు పెళ్ళి ఫొటోలకి 8 వేలకే వస్తున్నాడు. ఎడ్లు కొంచెం ముసలివి.)

దాళ్వా:

కాలవగట్టు గారూ, మీరు ఊరొదిలి వెళ్ళినవాళ్ళు, నేను ఉండిపోయినవాణ్ణి. తణుకు పక్కన ఏడెకరాలు కౌలుకి చేస్తున్నాను. ఎద్దులెందుకు పోయాయో చెప్తాను, ఎవరూ మోజు తీరి అమ్ముకోలేదండి.

మా నాన్న జత 2004లో అమ్మాడు. అప్పటికే దుక్కీ దమ్మూ రెండూ ట్రాక్టరుకి వెళ్ళిపోయాయి. ఎద్దులకి ఏడాదిలో ఇరవై రోజులు పనుంటే గొప్ప, మేత మాత్రం 365 రోజులూ వెయ్యాలి. అయినా కుప్పనూర్పిళ్ళు ఉన్నన్నాళ్ళూ గడ్డి మన దొడ్లోనే వామి పడేది కాబట్టి ఒక ఆవునో గేదెనో ఉంచుకునేవాళ్ళం. కోత మిషను వచ్చాక అదీ పోయింది. అది వెన్నుల దగ్గర కోసేసి గడ్డిని చిందరవందరగా చేలోనే వదిలేస్తుంది, దాన్ని ఏరి వామి వెయ్యడానికి మనిషెవడు? ఈమధ్య గడ్డి చుట్టే మిషను వస్తోంది, కట్టకింత అని తీసుకుంటాడు, వాడు దొరక్కపోతే చేలోనే అగ్గిపుల్ల. నేనూ గీశాను, అబద్ధమెందుకు. గడ్డి లేదు కాబట్టి పశువు లేదు, పశువు లేదు కాబట్టి పేడ లేదు, ఇంక మీ గొబ్బెమ్మలూ భోగిపిడకల దండలూ ఎక్కణ్ణుంచి వస్తాయి? పిడకలు ఆన్‌లైన్లో ఆర్డరిచ్చారు మా బావగారు, అట్టపెట్టెలో చక్కగా ప్యాక్ చేసి పంపాడు. ఆ వాసన కూడా రాలేదు పాపం.

మరి మిషను ఎందుకు పెట్టావయ్యా అంటారేమో. మనుషులతో అయితే కోత, కోసి పరిచిన పనలు ఆరడం, కట్టుబడి, కుప్ప, నూర్పిడి అన్నీ అయ్యేసరికి వారాలు. మిషను ఎకరం గంటా గంటన్నరలో తేల్చేస్తుంది. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలు పడేదే తుపాన్ల రోజుల్లో. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, మావైపు పనల మీదున్న చేలు నీళ్ళలో తేలాయి. నాలుగు రోజుల ముందు మిషను పెట్టినవాడు గట్టెక్కాడు. ఆ రాత్రి నా పక్క చేను కౌలు రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు, టార్చిలైటు వేసుకుని, వేసి ఏం చేస్తాడు, చూస్తాడంతే. అది చూశాక కొడవలి అందమూ కుప్ప అందమూ నాకు చెప్పకండి.

ఇది మీ ఊరికీ మా ఊరికీ మాత్రమే కాదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద ఆవుజాతిలో మగ పశువులు 2012 లెక్కకంటే 30 శాతం తగ్గాయి. ఏడేళ్ళలో. ట్రాక్టరు ఎంత దూరం దున్నిందో చూసుకోండి.

నాకు అసలు బాధ ఎద్దు గురించి కాదు, ఇంకోటి. సంక్రాంతి అంటే మనకి పంట ఇంటికొచ్చిన పండగ. ఇప్పుడు పంట ఇంటికి రాదు. కళ్ళం లేదు, రోడ్డు మీద ఆరబోస్తాం, తేమ చూస్తారు, సంచులకెత్తి లారీ ఎక్కిస్తే మిల్లుకి పోతుంది, ఇంటికొచ్చేది ఫోన్లో మెసేజి. మా ఇంట్లో గాదె తీసేసి ఆ చోట ఫ్రిజ్ పెట్టాం. నేను పండించేది స్వర్ణ, ఇక్కడే మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు 1982లో వదిలిన రకం. మా ఇంట్లో తినేది కొట్లో కొన్న సన్నబియ్యం. పొంగలికి కొత్త బియ్యం అంటారే, అవి కూడా 26 కేజీల బస్తాలోవే (25 దాకా జీఎస్టీ పడుతుందని 26 చేశార్లెండి, మనవాళ్ళ తెలివి). వరి రైతు ఇంట్లో కొత్తబియ్యం కొనుక్కుని పొంగలి పెడుతుంటే, మీరు స్కూలు గ్రౌండులో సెట్టు వేసుకుంటే మాత్రం నాటకమా? మాదీ సెట్టే, కాకపోతే టిక్కెట్టు లేదు.

వేసుకోండి. కానీ ఆ 14 వేలు అద్దె ఎడ్లకిచ్చే బదులు, మీ ఊళ్ళో ఇంకా పశువుని పట్టుకుని వేలాడుతున్న ముసలాయన ఒకడుంటాడు చూడండి, ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు, ఆయనకి ఏడాదికి సరిపడా గడ్డి కొని పడెయ్యండి.

అరిసెలపాకం:

ఇప్పటిదాకా రాసినవాళ్ళందరూ మగవాళ్ళే అనుకుంటా. ఎద్దు కోసం ఇంత బాధపడ్డారు, రోకలి కోసం ఒక్కరూ ఒక్క చుక్క రాల్చలేదు.

మాది తెనాలి దగ్గర. "పాత రోజుల్లోలా" అనగానే నాకు గుర్తొచ్చేది మా అమ్మ భుజం నొప్పి. అరిసెలంటే ముందురోజు బియ్యం నానబోయాలి, పొద్దున్నే వడకట్టి తడి ఆరకుండానే దంచాలి, జల్లించాలి, మళ్ళీ దంచాలి, ఆ తర్వాత కదా పాకం. పదిమంది ఉన్న ఇంట్లో అయిదు కుంచాల పిండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి వేసేవాళ్ళు. అటువైపు పనిమనిషి, ఇటువైపు అమ్మ. పిండిమర వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ సంస్కృతి పోయిందని ఏడవలేదు. అమ్మ ఆ మధ్యాహ్నం పడుకుంది. పండగ ముందు మధ్యాహ్నం మా అమ్మ పడుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

అయితే ఒకటి జరిగింది, అది కూడా చెప్పాలి. దంపుళ్ళ పాటలు అమ్మకి చాలా వచ్చు. పోయినేడు ఫోన్లో రికార్డు చేద్దామని కూర్చోబెట్టాను. రెండు ముక్కలు పాడుతుంది, ఆగిపోతుంది. "తర్వాత ఏంటమ్మా" అంటే "రావట్లేదే" అంటుంది. విసుగొచ్చి అటకమీదున్న రోకలి దింపి చేతికిచ్చాను, ఊరికే ఖాళీ రోట్లో పోటెయ్యమని. వచ్చేసింది. మొత్తం పాట. చేతులు ఊగితే పాట దానంతటదే నడిచింది, చేతులు ఆగితే ఆగింది. నాలుగు పాటలయ్యేసరికి ఆయాసం, ఇంక చాలు అంది. ఆ పాటలు ఎందుకు పాడేవాళ్ళని అడిగితే "ఊపిరి సరిపోవడానికి" అంది. నేనేమో కళ అనుకుని రికార్డు చేస్తున్నాను.

ఇప్పుడు ఆ నాలుగు పాటలూ నా ఫోన్లో ఉన్నాయి. నాకు నోటికి రావు, నా చేతికి రోకలి లేదు కాబట్టి. దీనికి నేను బాధపడాలా? పడుతున్నాను. రోకలి మళ్ళీ పట్టుకుంటానా? చచ్చినా పట్టుకోను.

ఇంకో సంగతి. మా డ్వాక్రా గ్రూపులో ఎనిమిదిమందిమి కలిసి నాలుగేళ్ళుగా పండగ పిండివంటలు చేసి అమ్ముతున్నాం. తడిపిండి మర కొన్నాం, గ్యాసు పొయ్యిలు పెద్దవి కొన్నాం, డిసెంబరు నుంచే హైదరాబాదు, బెంగళూరు ఆర్డర్లు, కొన్ని కొరియర్లో అమెరికా పోతాయి. మా అమ్మ అరిసె ఒత్తే పద్ధతి నేర్చుకున్న కోడళ్ళు ఇద్దరున్నారు, ఇంట్లో అయితే ఎవరూ నేర్చుకునేవాళ్ళు కాదు, డబ్బులొస్తున్నాయి కాబట్టి నేర్చుకున్నారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అక్కడా చేసేది ఆడవాళ్ళే, కుండ మీద రేకు తియ్యడం ఆ ఊరి చేతుల్లో బతికిందంటే అది కొనేవాళ్ళుండబట్టే.

మీ కొటేషన్లో పిండివంటలు లేవు చూశాను. ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడవాళ్ళే చేసేస్తారులే అనుకున్నారా? ఊళ్ళో ఆడవాళ్ళకి ఆర్డరివ్వండి, ముందే డబ్బులివ్వండి.

పలక:

ఈ చర్చలోకి రావాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. మాది ప్రకాశం జిల్లా. మా తాత డప్పు కొట్టేవాడు, నాన్న కొట్టాడు, నేనూ కొడతాను. మూడూ ఒకటి కాదు.

తాత కాలంలో ఊరికి చాటింపు వెయ్యాలన్నా, శవం లేచినా, జాతరైనా పెళ్ళైనా డప్పు ఉండాల్సిందే. రానని అనే వీల్లేదు. సంక్రాంతికి పెద్ద రైతుల ఇళ్ళముందు కొట్టేవాడు. గుమ్మం దాకా కాదు, వీధిలో నిలబడి. కళ్ళం దగ్గర మేర, అంటే పనికి బదులిచ్చే ధాన్యం, కొలిచేవాళ్ళు. మేర అంటే చాలామంది ఇక్కడ అదేదో అందరూ పంచుకు తినే చక్కటి ఏర్పాటు అన్నట్టు రాస్తుంటారు. ఆసామికి బుద్ధి పుడితే చేటెడు, కోపమొస్తే దోసెడు, అదీ మేర. అడగడానికి లేదు, ఎందుకంటే లెక్క లేదు.

నాన్న పెద్దయ్యేసరికి బస్సొచ్చింది, హాస్టలొచ్చింది, గుంటూరు మిర్చియార్డులో కూలిపనులొచ్చాయి. ఊళ్ళో కొట్టనన్నాడు. పెద్ద గొడవే అయింది. మళ్ళీ డప్పు ముట్టుకున్నది 1994 తర్వాతే. ఆ ఏడాది జులై 7న ఈడుమూడిలో మంద కృష్ణ మాదిగ వాళ్ళు ఎస్సీ వర్గీకరణ కోసం దండోరా ఉద్యమం మొదలుపెట్టారు, ఈడుమూడి మా జిల్లాయే. పెళ్ళికి కొట్టనన్న మనిషి సభకి కొట్టాడు. డప్పు కొట్టే అదే చిర్ర, అదే సిటికెన పుల్ల, మంట మీద కాచిన అదే తోలు. ఇంట్లో మా నాయనమ్మ నోరు తెరుచుకుని చూసిందని చెప్తాడు. ఊరు మారి, వీధి మారి, చేతిలో నాలుగు డబ్బులు మిగిలి, వద్దని చెప్పే దారి దొరికాకే ఆ డప్పు మాది అయింది. కాబట్టి ట్రాక్టరు వచ్చి, రోడ్డు వచ్చి గుర్తింపు పోయిందని ఎవరైనా అంటే నేను కాసేపు ఆగి, ఎవరిదీ అని అడుగుతాను.

ఇప్పుడు మాది పన్నెండుమంది దళం. అందరం వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే, శని ఆదివారాలు ప్రోగ్రాములు. ఎక్కువమంది ఫైబర్ డప్పు వాడుతున్నారు, మంట కాచే పనిలేదు, వాన పడ్డా మోత తగ్గదు. తోలు మోత వేరు, నిజమే, అందులో గుండె ఉంటుంది, కానీ దాన్ని మోసుకుని బస్సెక్కితే పక్కవాడు ముక్కు మూసుకుంటాడు. నాన్నకి యాభై దాటాక డప్పు కళాకారుల పింఛను వచ్చింది, 2024 నుంచి నెలకి 4 వేలు. కార్డు మీద "డప్పు కళాకారుడు" అని చూసుకుని ఒకసారి బయటికే చదివాడు.

డీజే మా పొట్ట కొట్టింది, అది దాచను. పెళ్ళి ఊరేగింపులు సగం పోయాయి. హైదరాబాదులో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజే వద్దని పోలీసులు చెప్పినప్పుడు మా గ్రూపులో స్వీట్లు పంచుకున్నారు, ఊళ్ళలో ఎవడాపుతాడు.

కాలవగట్టు గారు, మీ కొటేషన్లో నాకు నచ్చిన లైను ఒక్కటే ఉంది. "హరిదాసు, మూడు గంటలు." మిగతావాళ్ళకి అది కామెడీగా అనిపించి ఉండొచ్చు. మా తాతకి గంటలు లేవు. పిలిచినప్పుడు రావాలి, పొమ్మన్నప్పుడు పోవాలి. డీజే తీసేసి డప్పు పెట్టండి, ఎన్ని గంటలో రాయండి, ఎంతో రాయండి, మంచినీళ్ళూ భోజనమూ అందరితో పాటే పెట్టండి. పాత రోజుల్లోలా మాత్రం చెయ్యకండి.

దాళ్వా:

పలక గారూ, చదివాను. మా నాన్న కళ్ళం దగ్గర మేర కొలవడం నేను చూశాను. చేట నిండా పోసేవాడనే గుర్తు. మీరు రాసింది చదివాక, నిజంగా నిండా పోసేవాడా, నేనలా అనుకుంటున్నానా అని ఆలోచిస్తున్నాను.

తంగేడు:

నేను తెలంగాణ, జనగామ దిక్కు. మాకు సంక్రాంతి కంటే బతుకమ్మ పెద్దది కాబట్టి దాని సంగతి చెప్తా.

చిన్నప్పుడు పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమాస) నాడు మా బాపు చీకటితోనే లేచి పోయి మోపెడు గునుగు, తంగేడు తెచ్చేటోడు. పైసా ఖర్చు లేదు. గునుగు అంటే చేన్ల కలుపు మొక్కే కదా, జొన్నచేన్ల, పత్తిచేన్ల దానంతటదే మొలుస్తది. ఇప్పుడు కలుపు తియ్యనీకి మనుషులు దొరకరు, దొరికినా కూలి గిట్టదు, అందరూ గడ్డిమందు కొడుతున్నారు. కలుపుతోపాటు బతుకమ్మ కూడా పోయింది చూడండి. తంగేడు ఉన్న గుట్టపక్క భూమంతా ప్లాట్లయింది, హద్దురాళ్ళ మధ్యల అక్కడక్కడ ఇంత మిగిలింది. 2014ల తంగేడును రాష్ట్ర పుష్పం చేసిండ్రు, అదే ఏడు బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిండ్రు. మేము రాష్ట్ర పుష్పాన్ని జనగామ బజార్ల కట్టకింత అని కొనుక్కస్తున్నం.

పాట సంగతి అరిసెలపాకం అక్క చెప్పినట్టే. మా నానమ్మ ఒక్క వరుస చెప్తే మిగతావాళ్ళు "ఉయ్యాలో" అని అందుకునేది. అందుకోవాలంటే వినాలి, వినాలంటే నానమ్మ కాడికి జరగాలి, గట్ల వలయం దగ్గరికయ్యేది. ఇప్పుడు బాక్సులున్నయి, ఎవరెంత దూరమున్నా వినబడ్తది. ఎవరూ అందుకోరు, ఎందుకంటే పాట ఆగది. నానమ్మ కుర్చీల కూసొని చూస్తది.

కానీ నేను ఒక్క దిక్కే చెప్తే అబద్ధమైతది. మా అమ్మ 1990లల్ల హైదరాబాదుల కిరాయింట్ల ఉన్నప్పుడు బతుకమ్మ ఆడనీకి సిగ్గుపడేదంట, వాకిట్ల ఒక్కతే పేర్చుకొని ఒక్కతే తీసుకపోయి వేసొచ్చేది. ఉద్యమం వచ్చినంక అదే కాలనీల మూడొందలమంది. ఇప్పుడు మా చెల్లె డల్లాస్‌ల ఆడుతది, గునుగు దొరకదు కాబట్టి అక్కడి పూలు పేరుస్తది, నడుమ గుమ్మడి పువ్వు కోసం ఇంటెన్కాల తీగ పెట్టింది. బాక్సులు, ఫేస్‌బుక్కు, విమానం ఇవన్నీ లేకుంటే గది జరుగునా? ఊర్ల పలచనైంది బయట చిక్కనైంది. దీన్ని మంచి అనాల్నో చెడు అనాల్నో నాకైతే సమజ్ కాలే.

అక్షయపాత్ర:

హరిదాసు ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను, మా మేనమామ హరిదాసు. ధనుర్మాసం నెలరోజులూ నెత్తిన పాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబూరా. ఇంటి నుంచి బయల్దేరితే మళ్ళీ ఇంటికి చేరేదాకా పాత్ర దించకూడదు, దారిలో కబుర్లు చెప్పకూడదు, కీర్తన తప్ప. అది ఆయన నియమం. నడిచే రోజుల్లో పూటకి రెండు ఊళ్ళు. ఇప్పుడు టీవీఎస్ ఎక్సెల్ మీద పాత్రని ముందు బిగించుకుని అయిదారు ఊళ్ళు తిరుగుతాడు. బండి మీద చూసి నవ్వేవాళ్ళున్నారు, ఫొటో తీసి "ఆధునిక హరిదాసు" అని పెడతారు. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి, అది ఫొటోలో పడదు.

తలుపులు తెరుచుకోవు, అదీ కష్టం. ముందు ఇంట్లో పిల్లలు గిన్నెడు బియ్యం పట్టుకుని ఎదురొచ్చేవాళ్ళు. ఇప్పుడు సీసీ కెమెరా చూస్తుంది. కొందరు "స్కాన్ ఉందా" అంటారు. పెట్టుకున్నాడు, పాత్ర పక్కనే అంటించుకున్నాడు. 2021లో గంగిరెద్దు తలకి కట్టిన స్కానర్ వీడియో నిర్మలా సీతారామన్ ట్విట్టర్లో పెట్టారు కదా, అది చూపించి "మనమూ పెట్టచ్చన్నమాట" అన్నాడు. డబ్బులొస్తాయి, కానీ బియ్యం రావు. బియ్యం పోస్తే ఆశీర్వాదం చెప్పాలి, స్కాన్ చేస్తే పెట్టెలో ఆడమనిషి గొంతు చెప్తుంది ఎంతొచ్చిందో.

మూడు గంటల ఈవెంట్లకి ఆయన రెండుసార్లు వెళ్ళాడు, ఒకసారి మాల్‌కి, ఒకసారి గేటెడ్ కమ్యూనిటీకి. డబ్బు బాగా ఇచ్చారు, నెలలో పదిరోజులు తిరిగితే వచ్చేది ఒక్కపూటలో ఇచ్చారు. వచ్చాక అడిగితే ఒకటే అన్నాడు: కీర్తన మొదలెడితే సెల్ఫీకి ఆపమంటారు, ఆపితే మళ్ళీ ఎక్కడ మొదలెట్టాలో తెలీదు. పలక గారు చెప్పిన గంటల గౌరవం నేను కాదనను, కానీ మా మామయ్యకి నిలబెట్టినందుకు డబ్బులిచ్చారు, పాడినందుకు కాదు. మీరు పిలిస్తే ఒక పని చెయ్యండి, గుడిసె సెట్టు ముందు నిలబెట్టకండి. ఊళ్ళో వీధివీధికీ తిరగనివ్వండి, ఆ పొద్దుటికి తలుపులు తీసిపెట్టుకోమని మీ గ్రూపులో చెప్పండి.

ఆయన కొడుకు ఎలక్ట్రీషియన్. వాడు ఎత్తుకోడు. మామయ్య అడగలేదు కూడా.

కాలవగట్టు:

అందరికీ ధన్యవాదాలు, ఇంత రాస్తారనుకోలేదు. పదిరోజుల తర్వాత వచ్చి చెప్తున్నాను ఏమైందో.

ఈ చర్చ లింకు గ్రూపులో పెట్టాను. సగంమంది చదవలేదు. చదివినవాళ్ళలో ఇద్దరు "కులం గొడవలెందుకు పండగ పూట" అన్నారు, ఒకాయన గ్రూపు వదిలేశాడు, ఆయన 25 వేలు ఇచ్చినాయన. ఎడ్లబండి రద్దు చేశాం, అడ్వాన్సు 2 వేలు పోయాయి. డీజే పూర్తిగా తియ్యలేకపోయాను, కుర్రాళ్ళు ఒప్పుకోలేదు, ఊళ్ళో ఉండేది మేము మీరు కాదు అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు. భోగి రాత్రి డప్పు, సంక్రాంతి రాత్రి డీజే అని రాజీ. డప్పు దళం మా పక్క ఊరిదే, వాళ్ళు చెప్పిన ధరకి ఒప్పుకున్నాం, రాసుకున్నాం. భోజనాలు కలిపి అన్నప్పుడు ఫోన్లో కాసేపు నిశ్శబ్దం వచ్చింది ఒకరిద్దరి నుంచి. చూడాలి, ఆ రోజు ఎవరెవరు లేచి వెళ్తారో. అరిసెలు ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళకి ఇచ్చాం, ముందే డబ్బులిచ్చాం. గుడిసె సెట్టు ఉంచాం, అమెరికా వాళ్ళు దానికే డబ్బులిచ్చామన్నారు.

దాళ్వా గారు చెప్పిన ముసలాయన నిజంగానే ఉన్నాడు మా ఊళ్ళో. గడ్డి సంగతి అడగడానికి వెళ్తే, మొన్న కార్తీకంలోనే ఆవుని అమ్మేశాట్ట.

అమ్మకి ఇదంతా చెప్పాను. బండి వద్దనుకున్నామంటే సంతోషిస్తుందనుకున్నాను. "అదంతా సరేగానీ గొబ్బెమ్మలకి ఆవుపేడ ఎక్కడ దొరుకుతుందో కనుక్కో, నీ కూతురొస్తోంది కదా" అంది. మూడు ఊళ్ళు ఫోన్ చేశాను. ఇంకా దొరకలేదు.

దాళ్వా:

మా వీధి చివర ఒకాయనకి గేదెలున్నాయి. ఆవు కాదు మరి. మీ అమ్మగారిని అడిగి చెప్పండి, సరేనంటే తట్ట నింపి ఉంచుతాను. గోదారి దాటి రావాలి మీరు.

కాలవగట్టు:

అడిగాను. గేదెది పనికిరాదంది. తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, ఏదో ఒకటి తెమ్మంది. భోగి ముందురోజు వస్తాను.